కోతకాలం దాకా ఆగమన్నది దేని గురించి? గురుగుల ఉపమానం, గుడి లెక్కలు

బాబూ, వందనాలు.

మీ ప్రశ్న నాలుగైదుసార్లు చదివాను. కొత్త గుడి కోసం మీ సంఘం పోగుచేసిన చందాల్లో తేడా వచ్చింది. డబ్బు చూసుకున్న పెద్దాయన సరైన లెక్క చూపించడం లేదు. కొందరు ఆయన్నీ ఆయన కుటుంబాన్నీ సంఘంలోంచి తీసేయాలంటున్నారు. ఇంకొందరు మత్తయి సువార్త 13వ అధ్యాయంలోని గోధుమలు, గురుగుల ఉపమానం చదివి "కోతకాలం దాకా ఎవరినీ ఏమీ అనకూడదు, తీర్పు దేవుడిది" అని అందరి నోరూ మూయిస్తున్నారు. ఈ గొడవలో ఆయన ముసలితల్లి గుడికి రావడం మానేసింది. ఇంతకీ ఈ ఉపమానం ఈనాటి విశ్వాసికి ఏం చెబుతోంది అని మీరు అడిగారు.

నోరు మూసుకోమని చెప్పడం లేదు. కుటుంబాన్ని పెరికి పారేయమని అసలే చెప్పడం లేదు. మీ ఊళ్లో రెండు వర్గాలూ ఒకే పొరపాటు చేస్తున్నాయని నాకనిపిస్తోంది. తప్పుని, మనిషిని విడదీసి చూడలేకపోతున్నారు. ఎందుకలా అంటున్నానో కాస్త వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

నేను కోనసీమలో పుట్టాను. టీచరుగా చేసి రిటైరయ్యాను. 30 ఏళ్లకు పైగా మా సంఘంలో స్త్రీల బైబిలు తరగతి చెబుతున్నాను. అంతకుముందు మాత్రం అమ్మతో కలుపు కూలికి వెళ్లిన ఆడపిల్లని. ఈ ఉపమానం నాకు మొదట అర్థమైంది గుడిలో కాదు, మోకాలి లోతు బురదలో.

కథ మీకు తెలిసిందే. ఒకాయన తన పొలంలో మంచి విత్తనం వేశాడు. మనుషులు నిద్రపోతుండగా శత్రువు వచ్చి గోధుమల మధ్య గురుగులు విత్తిపోయాడు. మొలిచి వెన్ను వేశాకగానీ గురుగులు బయటపడలేదు. పనివాళ్లు వచ్చి పెరికేయమంటావా అని అడిగితే ఆయన వద్దన్నాడు. "గురుగులను పెరుకుచుండగా, వాటితోకూడ ఒకవేళ గోధుమలను పెల్లగింతురు" అన్నాడు. కోతకాలం దాకా రెండింటినీ కలిసి ఎదగనివ్వమన్నాడు.

మన డెల్టాలో గోధుమ చేను చూసినవాళ్లు ఎంతమంది ఉంటారు? దానికి తోడు తెలుగు బైబిల్లో ఉన్న "గురుగులు" అనే మాట కూడా మనల్ని కొంచెం దారి తప్పిస్తుంది. గురుగు అనగానే కొందరికి గురుగాకు గుర్తొస్తుంది, వెడల్పాకుల మొక్క. అలాంటిదైతే చిన్నపిల్లైనా గుర్తుపట్టి పీకేస్తుంది, ఇక ఉపమానంలో చిక్కేముంది? ప్రభువు చెప్పిన మొక్క అది కాదు. గ్రీకులో ఆ మాట జిజానియా. పండితులు ఎక్కువమంది దాన్ని లోలియం టెమ్యులెంటమ్ అనే గడ్డిగా గుర్తిస్తారు. గోధుమలాగే మొలుస్తుంది, గోధుమలాగే ఆకు వేస్తుంది, వెన్ను బయటికొచ్చేదాకా తేడా తెలియదు. ఆ గింజల్లో పెరిగే ఒక బూజు వల్ల విషం చేరుతుంది. అవి పిండిలో కలిస్తే ఆ రొట్టె తిన్నవాళ్లకి తల తిరుగుతుంది, ఒళ్లు తూలుతుంది. టెమ్యులెంటమ్ అన్న లాటిన్ మాటకి మత్తెక్కినది అనే అర్థం. పగబట్టి ఇంకొకరి చేలో దీన్ని చల్లడం కూడా కట్టుకథేమీ కాదు. పాత రోమా న్యాయగ్రంథాల్లో ఆ నేరం గురించి చర్చ ఉంది. ప్రభువు మాట వింటున్న రైతులకి ఇది ఊహకి అందని సంగతి కాదన్నమాట.

మనకి దగ్గరగా చెప్పాలంటే అది మన ఊద గడ్డి. వరిలో ఊద.

నాకు పదకొండేళ్లప్పుడు సార్వాలో మొదటిసారి కలుపుకి దిగాను. పెద్దవాళ్లతో సమానంగా సాగాలన్న ఆత్రంతో రెండు చేతులా లాగేస్తున్నాను. వెనక నుంచి అమ్మ వచ్చి నా చేతిలో కట్ట విప్పి చూసింది. అందులో సగం వరే. గట్టు మీద నుంచి కామందు చూస్తున్నాడు. అమ్మ నన్ను తిట్టలేదు. ఆ వరి మొక్కల్ని మళ్లీ బురదలో గుచ్చుతూ, "తొందరపడకే. ఆకు చూడకు, మెడ చూడు" అంది. ఆకు కాండాన్ని చుట్టుకుని విడివడే చోట వరికి చిన్న తెల్లటి పొర, నాలుకలాంటిది ఉంటుంది. ఊదకి ఉండదు, మెడ నున్నగా ఉంటుంది. ఆ తేడా కనిపించాలంటే వంగాలి, ఒక్కో మొక్కనీ పట్టుకుని చూడాలి. నిలబడి చూస్తే చేనంతా ఒకటే పచ్చ.

ఇంకో సంగతి కూడా ఆరోజే చెప్పింది. ఆ ఊదని ఏ శత్రువూ రాత్రిపూట వచ్చి చల్లలేదు. ఆకుమడిలో వరితోపాటే మొలిచింది. నారు పీకినప్పుడు కట్టలో కలిసిపోయింది. ఊడ్పుల్లో మేమే మా చేత్తో వరి అనుకుని నాటాం. ఎవరు నాటారో ఎవరికీ తెలియదు. నేనే నాటి ఉండొచ్చు. కలుపు తీసేవాళ్లని నేరుగా తాకే మాట ఇది. ఇన్నేళ్ల బైబిలు పాఠాల్లో దీన్ని నేనెప్పుడూ వదల్లేదు.

ఇక్కడ నా తరగతిలో ఆడవాళ్లు ఎప్పుడూ ఒక ప్రశ్న వేస్తారు, వేయాలి కూడా. "అమ్మా, మేం కలుపు తీస్తాం కదా? తీయకపోతే కామందు ఊరుకుంటాడా? మరి ప్రభువు ఎందుకు వద్దన్నాడు?" నిజమే. ఊద వరి కంటే ముందే పండి గింజ రాలుస్తుంది. వదిలేస్తే వచ్చే ఏడు రెండింతలవుతుంది. ఏ రైతైనా పనివాళ్ల పక్షమే. ఆ పనివాళ్లు సోమరులు కాదు, చెడ్డవాళ్లు కాదు. యజమాని పొలం పాడవుతోందని బాధపడి వచ్చినవాళ్లు. మీ సంఘంలో కోపంగా ఉన్న కుర్రాళ్లని నేనిలాగే చూస్తున్నాను.

తేడా సాగు పద్ధతిలో ఉంది. ఊడ్చిన చేలో అడుగు వేయడానికి సందు ఉంటుంది, ప్రతి దుబ్బూ విడిగా కనిపిస్తుంది. గోధుమని చల్లేవారు. ఇప్పుడు మన డెల్టాలో కూలీలు దొరక్క వెద వరి వేస్తున్నారు కదా, అలాగే. వెద చేలోకి దిగినవాళ్లకి తెలుస్తుంది, మొక్కకీ మొక్కకీ మధ్య కాలు పెట్టే చోటు ఉండదు. పైగా ఉపమానంలో గురుగులు బయటపడింది వెన్ను వేశాక. అప్పటికి కింద వేళ్లు ఒకదాన్నొకటి అల్లుకుపోయి ఉంటాయి. ఒకటి లాగితే రెండోది వస్తుంది. ఈ రోజుల్లో ఊదని చంపి వరిని వదిలేసే మందులొచ్చాయి. ఆ యజమాని చేతిలో అలాంటి మందు లేదు. ఆయనకి గురుగుల మీద జాలి ఉందని ఉపమానం ఎక్కడా అనలేదు, చివర్లో కట్టలు కట్టి కాల్చమనే అన్నాడు. ఆయన భయమంతా గోధుమల గురించి. ఒక్క గోధుమ మొక్క పోవడం కంటే పంటంతా గురుగులతో ఉండటమే నయం అనుకున్నాడు. రైతుగా చూస్తే అది నష్టమే. ఆ నష్టాన్ని ఆయన తెలిసే ఒప్పుకున్నాడు.

ఇప్పుడు మీ సంఘంలో ఈ ఉపమానం చదివి వినిపిస్తున్నవాళ్లు ఒక వచనం దాటేస్తున్నారు. శిష్యులు ఇంట్లో అర్థం అడిగినప్పుడు ప్రభువే విడమరిచి చెప్పాడు. 38వ వచనం: "పొలము లోకము." సంఘం అనలేదు, లోకం అన్నాడు. విత్తేవాడు, పొలం, మంచి విత్తనం, గురుగులు, శత్రువు, కోత, కోత కోసేవాళ్లు, ఈ ఏడింటికీ అర్థం చెప్పాడు. ఒక్క పనివాళ్లు ఎవరో మాత్రం చెప్పలేదు. కోత కోసేవాళ్లు దేవదూతలు అన్నాడు, పెరకమంటారా అని అడిగినవాళ్ల పేరు ఖాళీగా వదిలేశాడు. ఆ ఖాళీలో మనం ఉన్నామని నా నమ్మకం. ఇది నా చదువు, ప్రతి బోధకుడూ ఒప్పుకోవాలని లేదు.

సంఘమా, లోకమా అన్న వాదన మనతో మొదలైంది కాదు. 4వ శతాబ్దం మొదట్లో ఉత్తర ఆఫ్రికాలో డొనాటిస్టులనే వర్గం సంఘం పవిత్రంగా ఉండాలి, రోమా ప్రభుత్వం హింసించిన కాలంలో విశ్వాసం వదిలిన నాయకులు ఇచ్చే బాప్తిస్మం లాంటి సంస్కారాలు చెల్లవు అని విడిపోయింది. దాదాపు వందేళ్లకి అగస్టీను అనే బిషప్పు వాళ్లకి ఈ ఉపమానాన్నే చూపించి, సంఘంలో రెండూ కలిసే ఉంటాయి, ఈరోజు గురుగుగా ఉన్నవాడు రేపు గోధుమ కావచ్చు అన్నాడు. క్రీ.శ. 411లో కార్తేజులో జరిగిన చర్చలో వాళ్లు "పొలము లోకము" అన్న మాటనే ఎత్తి చూపారు. వచనం వరకు వాళ్ల మాటలో పస ఉంది. మనుషుల విషయంలో అగస్టీను మాటలో ఉంది. తర్వాత్తర్వాత అదే అగస్టీను డొనాటిస్టుల మీద ప్రభుత్వ బలవంతాన్ని సమర్థించాడు. అది నాకు చాలా బాధ కలిగించే సంగతి. అంతకు కొంచెం ముందే తూర్పున క్రిసొస్తొము అనే బోధకుడు ఇదే ఉపమానం మీద ప్రసంగిస్తూ, తప్పుడు బోధ చేసేవాళ్లని చంపకూడదు, కానీ వాళ్ల బోధని ఆపొచ్చు అన్నాడు. తప్పుని ఆపడం ఒకటి, మనిషిని అంతం చేయడం ఒకటి. మీ ప్రశ్నకి కావలసిన విభజన అక్కడ ఉంది.

మన ప్రాంతం చూడండి. 1830ల్లో బౌడెన్, బీర్ అనే మిషనరీ దొరలు నరసాపురం వచ్చిన దగ్గర్నుంచి ఈ డెల్టాలో ఎన్ని శాఖలు! బ్రదరన్, లూథరన్, బాప్టిస్టు, పెంతెకొస్తు, ఇప్పుడు ఇంటింటికో స్వతంత్ర సంఘం. ఒకరి ప్రసంగంలో ఇంకొకరు గురుగులు. అవతలివాళ్ల మెడ దగ్గర పొర ఉందో లేదో వంగి చూసినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. ఇరుగుపొరుగు హిందువుల్ని, ముస్లిముల్ని గురుగులు అని పిలిచే బోధ కూడా ఈమధ్య ఫోన్లలో తిరుగుతోంది. అది విన్నప్పుడు నాకు 1996 నవంబరు 6 రాత్రి గుర్తొస్తుంది. కొబ్బరి చెట్లు వరసగా కూలుతుంటే మా పేటవాళ్లూ ఊరివాళ్లూ అందరం బడి గదుల్లో ఒకరిమీద ఒకరం కూర్చున్నాం. తడిసిన నా బిడ్డని తన చీర చెంగులో చుట్టి తెల్లారేదాకా ఒళ్లో పెట్టుకున్నావిడ మా మతం కాదు. కలిసి ఎదగనివ్వమని యజమాని అంటే, ఆవిడ పక్కన ఉండటం నాకు శిక్ష అని నేను చదవలేను.

"ఎదుగనియ్యుడి" అన్న చోట గ్రీకులో అఫెతె అని ఉంది. వదిలేయండి, ఉండనివ్వండి అని అర్థం. పరలోక ప్రార్థనలో "మా ఋణములు క్షమించుము" అన్న చోట ఉన్న అఫెస్ కూడా అదే క్రియ. అందుకని ఇక్కడ క్షమించమనే అర్థం అని నేను అనను. కానీ ఆ సువార్తని గ్రీకులో విన్నవాళ్ల చెవిలో రెండు మాటలూ ఒకేలా మోగి ఉంటాయి కదా అనుకుంటాను.

ఇప్పుడు మా సంఘంలో జరిగింది చెబుతాను. దాదాపు 20 ఏళ్ల కిందట. ఒక కుర్రాడు తాగి వచ్చి ఆరాధనలో రెండుసార్లు గొడవ చేశాడు. పెద్దల కమిటీ కూర్చుంది. నేనూ ఉన్నాను. "తీసేద్దాం, మిగతా పిల్లలు పాడవుతారు" అన్నారు. చేతులెత్తమంటే నేనూ ఎత్తాను. అంతకుముందు అతనితో ఒంటరిగా మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మాట అడగాలని నాకు అప్పుడు తోచలేదు. ఆ తర్వాతి ఆదివారం అతనొక్కడే కాదు, భార్య రాలేదు. సండే స్కూల్లో ముందు వరసలో కూర్చుని వచనాలు అప్పజెప్పే ఇద్దరు పిల్లలు రాలేదు. నలభై ఏళ్లుగా గుడి ఊడ్చిన అతని తల్లి రాలేదు. వేళ్లు అల్లుకుని ఉంటాయని బురదలో నేర్చుకున్నదాన్ని, బల్ల ముందు కూర్చున్నప్పుడు మర్చిపోయాను. కొన్నేళ్లకి అతను తాగుడు మానేశాడు. ఇప్పుడు చేపల చెరువు మీద పని చేసుకుంటూ ఇంకో ఊరి సంఘానికి వెళుతున్నాడు. తల్లి మాత్రం చనిపోయేదాకా మా గుడి గడప తొక్కలేదు. ఆమెని సమాధి చేసిన రోజు నేను అందరి వెనక నిలబడ్డాను.

అందుకే మీ కుర్రాళ్లకి చెప్పండి, కుటుంబాన్ని తీసేయడం అన్న మాట పక్కన పెట్టమని.

ఇక లెక్కల సంగతి. ఇక్కడ నేను గట్టిగా చెబుతాను. లెక్క అడగడం గురుగు పెరకడం కాదు. ఆ డబ్బు కూలి చేసుకునే ఆడవాళ్లు రోజూ గుప్పెడు బియ్యం తీసి పెట్టి అమ్మిన డబ్బు. గల్ఫులో ఇళ్లల్లో పనిచేసే బిడ్డలు పంపిన డబ్బు. దాని గురించి అడిగినవాళ్లని ఉపమానం చూపించి ఆపడం వాక్యాన్ని అడ్డం పెట్టుకోవడమే. పౌలు యెరూషలేము పేదల కోసం చందా పోగుచేసినప్పుడు తానొక్కడే పట్టుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచిన మనుషుల్ని వెంట ఉంచాడు. ప్రభువు దృష్టిలోనే కాదు, మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలి కాబట్టి అని కారణం కూడా రాశాడు. 2 కొరింథీయులకు 8వ అధ్యాయం, 18 నుంచి 21 వచనాలు. మీ పెద్దలకి అది చదివి వినిపించండి. అపొస్తలుడే తన మీద అనుమానం రాకుండా జాగ్రత్తపడితే, మన పెద్దలకి అడగడమే అవమానం ఎలా అవుతుంది?

పద్ధతి మత్తయి 18వ అధ్యాయంలో ఉంది. అదే సువార్త, 13వ అధ్యాయం రాసిన అదే చెయ్యి. ముందు ఒక్కరు వెళ్లి ఒంటరిగా మాట్లాడాలి. ఆ ఒక్కరు ఆయన కంటే వయసులో పెద్దవాళ్లు, ఆయన గౌరవించేవాళ్లు అయితే మంచిది. కోపంలో ఉన్న కుర్రాళ్లు వెళ్లకూడదు. వినకపోతే ఇద్దరు ముగ్గురు పుస్తకాలు, రసీదులు పట్టుకుని వెళ్లాలి. అప్పటికీ కాకపోతే సంఘం ముందు పెట్టాలి. అప్పుడు కూడా "దొంగ" అనే మాటతో మొదలుపెట్టకండి, కాగితాలతో మొదలుపెట్టండి. సిమెంటు ఎంత, ఇసుక ఎంత, మేస్త్రికి ఎంత ఇచ్చారు. చాలాచోట్ల నేను చూసింది, సగం తేడా నిర్లక్ష్యం, రసీదు తీసుకోకపోవడం. మిగతా సగం నిజంగానే తినేయడం. ఏది ఎంతో కాగితం చెప్పాలి. తేలేదాకా ఆయన్ని డబ్బు బాధ్యత నుంచి తప్పించండి, అది శిక్ష కాదు. బ్యాంకు ఖాతాకి ఇద్దరి సంతకాలు పెట్టించండి. ఆర్నెల్లకోసారి జమా ఖర్చు రాసి గుడి తలుపుకి అంటించండి. తిన్నారని తేలితే తిరిగి కట్టించాలి, వాయిదాల్లోనైనా సరే. సంఘం మాట కూడా వినకపోతే అన్యుడిలా, సుంకరిలా ఎంచమని ప్రభువు అన్నాడు. కానీ ఆ వచనాలకి ముందు తప్పిపోయిన గొర్రె కథ ఉంది, తర్వాత ఏడు డెబ్బైలసార్లు క్షమించమన్న మాట ఉంది. ఆ రెండింటి మధ్య పెట్టి చదవాలి. కొరింథులో ఒకడిని వెలివేయమని పౌలే రాశాడు. రెండో పత్రికలో, సంఘం శిక్షించిన ఒక మనిషిని ఇక చాలు, క్షమించి ఆదరించండి, లేకపోతే దుఃఖంలో మునిగిపోతాడని కూడా ఆయనే రాశాడు.

ఒక మాట విడిగా చెప్పాలి. డబ్బు కాకుండా పిల్లల మీద, ఆడవాళ్ల మీద చెయ్యి వేసిన సంగతైతే ఈ మెట్లేవీ ఎక్కక్కర్లేదు. నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లాలి. దాన్ని ఈ ఉపమానంతో కప్పిపెట్టాలని చూసేవాళ్ల మాట వినకండి.

మరి ఉపమానం మీ నుంచి ఏం అడుగుతోంది? లెక్క తేలాక కూడా, ఆయన తిన్నాడని రుజువైనా కూడా, ఆయన గురుగు అని మీరు తేల్చలేరు. తప్పు చేశాడని తేల్చగలరు. ఆయన అంతం ఏమిటో, ఆయన లోపల ఏముందో, రేపు ఏమవుతాడో కోత కోసేవాళ్ల పని. ఈ తేడా పట్టుకోవడం కష్టం, నాకు తెలుసు. ముఖ్యంగా మనం కష్టపడి ఇచ్చిన డబ్బైనప్పుడు. ఆయన ఎదురైతే మాట్లాడబుద్ధి కాదు, ప్రభువు బల్ల దగ్గర పక్కన నిలబడబుద్ధి కాదు. ఆ టెన్షన్ ఉన్నంతకాలం ఉంటుంది. వెన్ను వేసిన దగ్గర్నుంచి కోత దాకా ఆ పనివాళ్లు కూడా రోజూ ఆ గట్టు మీదే నడిచి ఉంటారు, రెండూ కళ్లముందు కనిపిస్తుండగానే.

ఆయన తల్లి గుడికి రావడం మానేసిందని రాశారు. ఆమె దగ్గరికి ఎవరైనా వెళ్లారా అన్నది రాయలేదు. లెక్కల పని పెద్దలు చూసుకుంటారు, దానికి వారాలు పడుతుంది. మీరు ఈ శనివారం సాయంత్రం మీ అమ్మగారిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికి వెళ్లండి. డబ్బు మాట ఎత్తకండి. ఒక కీర్తన పాడి, ప్రార్థన చేసి రండి. ఆదివారం పొద్దున గంట కొట్టకముందే మళ్లీ వెళ్లి, వస్తానంటే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మీ అమ్మగారి పక్కన కూర్చోబెట్టండి.